షుగర్ కాళ్లకు నరాల మొబిలైజేషన్: ఏం చేయగలదు, ఎక్కడ ఆగాలి

షుగర్ వచ్చి పదేళ్లు దాటినవాళ్లు తిరుపతిలో ఏ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినా చెప్పే బాధలు దాదాపు ఒకేలా ఉంటాయి. రాత్రి పడుకోగానే అరికాళ్లు మండుతాయి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. పొద్దున అడుగు కింద పెడితే దూది మీద నడుస్తున్నట్టు ఉంటుంది. కాలి చెప్పు దారిలో జారిపోయినా, కిందికి చూసుకుంటే గానీ తెలియదు. ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చినవాళ్లు ఇంకో మాట కూడా కలుపుతారు: నరాలను కదిలించే ఎక్సర్‌సైజులు ఉన్నాయట, వాటితో తిమ్మిర్లు పూర్తిగా పోతాయట, అవి చేయిస్తారా అని.

ఆ ఎక్సర్‌సైజులు నిజంగానే ఉన్నాయి. న్యూరల్ మొబిలైజేషన్ అంటారు. కొందరికి మేలు చేస్తాయి కూడా. అయితే షుగర్ వల్ల లోపల దెబ్బతిన్న నరాన్ని అవి తిరిగి బాగుచేయవు. నరం తన దారిలో సాఫీగా జరిగేలా చూడటం, దాని చుట్టూ ఉన్న బిగువు తగ్గించడం, అంతవరకే వాటి పని. పైగా ఇందులో ఒక పెద్ద చిక్కు ఉంది. ఎంత లాగాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఈ వైద్యంలో రోగికి తెలిసే లాగుడును బట్టే నిర్ణయిస్తారు. మొద్దుబారిన కాలికి సరిగ్గా అదే తెలియదు. వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన మొదటి సంగతి మాత్రం ఇదే.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉన్నట్టు అంచనా వేసింది. ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో సగం మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు ఎంతో కొంత నరాల దెబ్బకు గురవుతారన్నది వైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రతి వీధిలో ఇలాంటి కాళ్లు ఉన్న ఇల్లు ఒకటైనా కనిపించడానికి కారణం ఇదే.

లోపల జరిగేది

కండరంలోకి గ్లూకోజు వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. నరానికి అక్కర్లేదు. రక్తంలో ఎంత పెరిగితే నరంలో కూడా అంత చేరుతుంది. అలా చేరిన గ్లూకోజులో కొంత, ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము వల్ల సార్బిటాల్‌గా మారి లోపలే పేరుకుంటుంది. ఇంకోపక్క నరానికి రక్తం అందించే అతి సన్నని రక్తనాళాలు మందమవుతాయి, పూడుకుపోతాయి. ఆక్సిజన్ చాలక, వ్యర్థాలు పోక నరపు పోగులు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి.

పొడవైన నరాలకే ముందు దెబ్బ తగులుతుంది. బొటనవేలికి వెళ్లే నరపు పోగు నడుము దగ్గర వెన్ను పక్కనున్న కణం నుంచి బయలుదేరుతుంది. దాదాపు ఒక మీటరు పొడవున ఒకే కణం తనకు కావాల్సినవన్నీ చేరవేసుకోవాలి. అందుకే తిమ్మిరి వేళ్ల చివర్లలో మొదలై పాదానికి, చీలమండకు, పిక్కకు ఎక్కుతుంది. అది మోకాళ్ల దాకా వచ్చే సమయానికి చేతి వేళ్ల కొనలు కూడా మొద్దుబారడం మొదలవుతుంది. రెండు కాళ్లకూ ఇంచుమించు సమానంగా, సాక్సు తొడిగినంత మేర ఉంటుంది. ఒక కాలికే ఉంటే, నడుము నుంచి లాగుతూ ఉంటే, కారణం వేరే వెతకాలి.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. ఫిజియోథెరపీకి సంబంధించింది దీని తర్వాత మొదలవుతుంది. చెయ్యి చాపినా, కాలు ఎత్తినా నరం తన చుట్టూ ఉన్న కండరాల మధ్య ముందుకూ వెనక్కూ జారుతుంది, సైకిల్ బ్రేకు వైరు తన గొట్టంలో జారినట్టు. మోచేయి, మణికట్టు మడిచినప్పటి కంటే చాచినప్పుడు చేతిలోని మీడియన్ నరం వెళ్లే దారి సుమారు 20 శాతం పొడవవుతుంది. ఆ తేడాను నరం కొంత జారి, కొంత సాగి సర్దుకుంటుంది.

షుగర్ ఈ జారుడును దెబ్బతీస్తుంది. ఎక్కువైన గ్లూకోజు, కణజాలాన్ని పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకుని వాటిని ఒకదానితో ఒకటి బిగించేస్తుంది. చర్మం, కీళ్ల తిత్తి, కండరాల పొరలు బిరుసెక్కినట్టే నరం పైపొర కూడా బిరుసెక్కుతుంది. లోపల నీరు చేరి నరం ఉబ్బుతుంది. ఉబ్బిన నరం ఇరుకు దారుల్లో ఒరుసుకుంటుంది. మణికట్టు దగ్గర ఒక ఇరుకు, చీలమండ లోపలి వైపు ఎముక వెనక ఒకటి, మోకాలి కింద బయటి వైపు ఎముక మెడ చుట్టూ తిరిగే చోట ఇంకొకటి. షుగర్ ఉన్నవాళ్లలో కార్పల్ టన్నెల్, అంటే మణికట్టు ఇరుకులో నరం నొక్కుకుపోయే బాధ, ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. అల్ట్రాసౌండ్‌తో కాలిలోని టిబియల్ నరాన్ని చూసి 2014లో ప్రచురించిన ఒక పరిశీలనలో, షుగర్ ఉన్నవాళ్లలో ఆ నరం మామూలు వాళ్లలో కంటే తక్కువగా జారుతున్నట్టు తేలింది.

1973లో ఆప్టన్, మెకోమస్ అనే ఇద్దరు వైద్యులు ఇంకో ఆలోచన ముందుకు తెచ్చారు. ఒకచోట ఇబ్బంది పడుతున్న నరం రెండోచోట చిన్న ఒత్తిడిని కూడా తట్టుకోలేదని, రెండు దెబ్బలూ కలిసి లక్షణాలు బయటపెడతాయని వాళ్ల వాదన. షుగర్ వల్ల ముందే నీరసించిన నరానికి ఇది బాగా నప్పుతుంది. దీన్ని పూర్తిగా రుజువైన సిద్ధాంతంగా తీసుకోకూడదు. కానీ మొబిలైజేషన్ వెనక ఉన్న ఆశ అంతా ఇక్కడే ఉంది: మొదటి దెబ్బను తీసేయలేకపోయినా రెండో దెబ్బను తగ్గించగలిగితే ఎంతో కొంత ఊరట దొరుకుతుంది.

జార్చడం వేరు, లాగడం వేరు

పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తి, నడుము నుంచి కాలి వెనకగా దిగే సయాటిక్ నరాన్ని పరీక్షించే పద్ధతి పాతదే. ఫ్రాన్స్‌లో లాసేగ్ అనే వైద్యుడి పేరుతో 1881లో ఆయన శిష్యుడు ఫోర్స్ట్ దాన్ని వివరించాడు. అదే ఆలోచనను పరీక్ష నుంచి చికిత్స దాకా తీసుకొచ్చింది ప్రధానంగా ఆస్ట్రేలియాలోని ఫిజియోథెరపిస్టులు: చేతి నరాల మీద ఎల్వీ, కూర్చుని నడుము వంచి చేసే స్లంప్ పరీక్షతో మెయిట్‌లాండ్, తర్వాత బట్లర్. 1995లో షాక్‌లాక్ దీనికి న్యూరోడైనమిక్స్ అన్న చట్రం ఇచ్చాడు. నరం కదలిక, దానిలో రక్తప్రసరణ, దాని సున్నితత్వం, ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయన్నది దాని సారం.

పద్ధతులు రెండు రకాలు. స్లైడర్‌లో నరాన్ని ఒక చివర లాగుతూ అదే సమయంలో రెండో చివర వదులు చేస్తారు. నరం దూరం జరుగుతుంది గానీ దాని మీద బిగువు పెద్దగా పడదు. టెన్షనర్‌లో రెండు చివర్లా లాగుతారు. బిగువు పెరుగుతుంది, జరిగే దూరం తక్కువ.

దీన్ని కాలి మీద చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మనిషి వెల్లకిలా పడుకుంటాడు. తుంటి దగ్గర కాలు మడిచి, తొడ వెనక రెండు చేతులతో పట్టుకుంటాడు. పాదం వేలాడేసినట్టు ముందుకు వాల్చి ఉంచి, మోకాలిని నెమ్మదిగా చాపుతాడు. మోకాలి వెనక నరం లాగుతుంది, చీలమండ దగ్గర వదులవుతుంది. మళ్లీ మోకాలు మడుస్తూ పాదాన్ని తన వైపు లాక్కుంటాడు. ఇప్పుడు మోకాలి దగ్గర వదులు, చీలమండ దగ్గర లాగుడు. ఇది స్లైడర్. అదే మనిషి మోకాలు చాపి, పాదాన్ని కూడా తన వైపే లాక్కుని అలాగే పట్టి ఉంచితే అది టెన్షనర్. చూడటానికి పాదం దిశలో చిన్న తేడానే. నరానికి మాత్రం పెద్ద తేడా.

ఎంత పెద్ద తేడా అన్నది కుందేళ్ల మీద 1973లో చేసిన ప్రయోగం చెబుతుంది. టిబియల్ నరాన్ని దాని మామూలు పొడవు కంటే 8 శాతం సాగదీయగానే దానిలోని సన్నని సిరల్లో ప్రవాహం మందగించడం మొదలైంది. 15 శాతం దగ్గర రక్తప్రసరణ పూర్తిగా ఆగిపోయింది. అది ఆరోగ్యంగా ఉన్న నరం. రక్తనాళాలు ముందే పూడుకున్న షుగర్ నరానికి ఆ పాటి వెసులుబాటు కూడా ఉండదనుకోవడమే క్షేమం. అందువల్ల షుగర్ కాళ్లకు స్లైడర్‌తోనే మొదలుపెట్టాలి, చాలామందికి స్లైడర్‌తోనే ఆపాలి. గట్టిగా లాగితే నరం త్వరగా వదులవుతుందన్న నమ్మకం ఇక్కడ హాని చేస్తుంది.

నొప్పి చెప్పని కాలు

మామూలు సయాటికా మనిషికి ఈ ఎక్సర్‌సైజ్ చేయించేటప్పుడు ఫిజియోథెరపిస్టు చేతితో పాటు చెవి కూడా పనిచేస్తుంది. "ఇక్కడ లాగుతోందా? జివ్వుమంటోందా? పాదం వదిలితే తగ్గిందా?" అని అడుగుతూ, రోగి చెప్పినదాన్ని బట్టి రెండు అంగుళాలు ముందుకో వెనక్కో వెళ్తారు. లాగుడు మొదలయ్యే చోటికి కాస్త ముందే ఆపడం నియమం.

న్యూరోపతి, అంటే షుగర్ వల్ల వచ్చే నరాల దెబ్బ, ముదిరిన కాలిలో ఈ సంభాషణ తెగిపోతుంది. కాలు ఎంత ఎత్తినా "ఏం లేదు సార్, ఇంకా ఎత్తండి" అంటారు. అనుభవం తక్కువైన చేతికి అది మంచి వార్తలా వినిపిస్తుంది. అక్కడ నరం సుఖంగా ఉండి నొప్పి రావడం లేదా, నొప్పి చెప్పాల్సిన పోగులే పోయాయా అన్నది ఆ ఒక్క జవాబుతో తేలదు.

కాబట్టి మొదటి రోజు మొబిలైజేషన్ కంటే ముందు పాదాన్ని పరీక్షించాలి. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి ఉంటుంది, మోనోఫిలమెంట్ అంటారు. రోగిని కళ్లు మూసుకోమని బొటనవేలి కింద, వేళ్ల మొదళ్ల దగ్గర ఆ పోగు వంగేదాకా ఆనించి, తగిలినప్పుడు చెప్పమంటారు. మధ్యలో ఒకటి రెండు సార్లు ఆనించకుండానే "ఇప్పుడు తగిలిందా?" అని అడగాలి. తగలకపోయినా "ఆఁ, తగిలింది" అనే పెద్దవాళ్లు ఉంటారు. అబద్ధం చెప్పాలని వాళ్ల ఉద్దేశం కాదు, పరీక్షలో తప్పుతామేమోనన్న బెరుకు. తర్వాత 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను బొటనవేలి ఎముక మీద ఆనించి అదురు తెలుస్తోందా అని చూస్తారు. బయోథీసియోమీటర్ ఉన్నచోట ఆ అదురును వోల్టుల్లో కొలుస్తారు. 25 వోల్టులు దాటితే గానీ తెలియని పాదానికి పుండు పడే ప్రమాదం ఎక్కువ. మడమ వెనక తంతువు మీద తట్టి రిఫ్లెక్స్ చూస్తారు.

ఈ పరీక్షల్లో స్పర్శ బాగానే ఉన్నట్టు తేలితే రోగి మాటను నమ్మి ముందుకెళ్లొచ్చు. స్పర్శ పోయిందని తేలితే కొలత మార్చుకోవాలి. అప్పుడు చూడాల్సింది చేతికి తగిలే నిరోధం: కాలు ఎత్తుతుంటే కండరాలు ఎక్కడ బిగుసుకుంటున్నాయి, తుంటి ఎక్కడ పైకి లేవడం మొదలైంది, రెండో కాలితో పోలిస్తే ఎంత తేడా. ఆ బిగువు రాకముందే ఆగాలి. ఆ రోజు రాత్రి మంటలు పెరిగాయా, మర్నాడు పొద్దున కాలు బరువెక్కిందా అని తప్పకుండా అడగాలి. చికిత్స సమయంలో తెలియని తప్పు తర్వాతి పన్నెండు గంటల్లో బయటపడుతుంది. అలా పెరిగితే సార్ల సంఖ్య, కదలిక పరిధి రెండూ తగ్గించాలి. "మొదట్లో అలాగే ఉంటుంది, ఓర్చుకోండి" అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. షుగర్ కొందరిలో బీపీని సర్దే నరాలను కూడా దెబ్బతీస్తుంది. వాళ్లు పడుకుని చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. మంచం మీద పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, ఆ తర్వాత లేవాలి. కంటి రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి రక్తం కారే దశలో ఉన్నవాళ్లకు తల బాగా వంచి చేసే స్లంప్ రకాలు, ఊపిరి బిగపట్టడం పనికిరావు.

రుజువు ఎంత

ఎలుకల మీద 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, షుగర్ తెప్పించి నొప్పి పుట్టించిన తర్వాత నరాల మొబిలైజేషన్ చేస్తే స్పర్శకు కలిగే నొప్పి తగ్గింది, నరంలో వాపు పుట్టించే రసాయనాలు కూడా తగ్గాయి. భౌతికకాయాల మీద 2011లో చేసిన ఇంకో ప్రయోగంలో, చీలమండ దగ్గర టిబియల్ నరంలోకి రంగు ఎక్కించి పాదాన్ని కదిపితే ఆ రంగు నరం పొడవునా వ్యాపించింది. అంటే కదలిక నరం లోపల నిలిచిన ద్రవాన్ని చెదరగొట్టగలదు. ఉబ్బిన నరానికి ఇది ఎలా పనికొస్తుందో ఊహించవచ్చు.

మనుషుల మీద జరిగిన పరీక్షల సంగతి ఇంత గట్టిగా లేదు. మన దేశంలో జరిగినవాటితో కలిపి చిన్న అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. నొప్పి తగ్గిందని, అదురు తెలిసే స్థాయి మెరుగైందని వాటిలో కొన్ని చెబుతాయి. ఎక్కువ వాటిలో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, గమనించిన కాలం కొన్ని వారాలే. మొబిలైజేషన్‌తో పాటు వేరే చికిత్సలూ కలిసి ఉండటంతో ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం. పుండ్లు తగ్గాయని గానీ, ఏళ్ల తరబడి స్పర్శ నిలిచిందని గానీ చూపించే పెద్ద అధ్యయనం లేదు. నడుము నుంచి, మెడ నుంచి వచ్చే నరాల నొప్పికి మాత్రం రుజువు మెరుగ్గా ఉంది. 2017లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష ఆ రెండు బాధల్లో ఇది ఉపయోగపడుతుందని తేల్చింది.

ఇరుకు దారుల్లో ఒత్తిడి తీసేస్తే షుగర్ నరం కోలుకుంటుందన్న ఇదే తర్కంతో కొన్నిచోట్ల ఆపరేషన్లు కూడా చేశారు. 2006లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ ఆ ఆపరేషన్‌కు తగిన రుజువు లేదని చెప్పింది. తర్కం బాగున్నంత మాత్రాన చికిత్స పనిచేసినట్టు కాదని ఈ అనుభవం గుర్తుచేస్తుంది.

కాబట్టి ఎవరికి దీని మీద సమయం పెట్టడం సమంజసం? చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజనంతా పండ్లు కోసే ఆడవాళ్లలో షుగర్ ఉన్నామెను తీసుకుందాం. రాత్రి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. షుగర్‌కు మణికట్టు ఇరుకు తోడైన కేసు అది. రాత్రిపూట మణికట్టు మడవకుండా పట్టి ఉంచే స్ప్లింట్, పని మధ్యలో విరామం, మీడియన్ నరానికి స్లైడర్ కలిపి చేస్తే ఊరట దొరికే అవకాశం బాగుంది. అలాగే నడుము నొప్పి ఒక కాల్లోకి దిగుతూ, పైగా షుగర్ తిమ్మిర్లు కూడా ఉన్నవాళ్లు. పిక్కలు బిగుసుకుని చీలమండ సరిగ్గా మడవలేనివాళ్లు. వీళ్లలో యాంత్రికమైన ఇబ్బంది ఉంది కాబట్టి యాంత్రికమైన చికిత్సకు పని ఉంది. రెండు పాదాలూ సమానంగా, పూర్తిగా మొద్దుబారి, మంట కూడా ఆగిపోయిన దశలో ఉన్నవాళ్లకు స్లైడర్ల వల్ల స్పర్శ తిరిగొస్తుందని చెప్పడం అన్యాయం. వాళ్ల సమయం, డబ్బు పాదాన్ని కాపాడుకోవడం మీద పెట్టాలి.

కాలు పట్టుకునే ముందు

కాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే అనుకోకూడదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లలో విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉంది. శాకాహారులైతే ఇంకా ఎక్కువ. బీ12 లోపం వల్ల వచ్చే తిమ్మిరి అచ్చం షుగర్ తిమ్మిరిలాగే ఉంటుంది, పైగా దానికి మందు ఉంది. రక్త పరీక్ష చేయించకుండా ఊరి ఆర్ఎంపీ దగ్గర నరాల ఇంజెక్షన్లు వేయించుకోవడం, లేదా పరీక్షా ఇంజెక్షనూ రెండూ లేకుండా నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించుకోవడం, రెండూ తప్పే. థైరాయిడ్, మద్యం, కిడ్నీ జబ్బు, కాళ్లలో రక్తప్రసరణ తగ్గడం కూడా చూడాలి. చేతికి నరం లావుగా తాడులా తగిలితే, స్పర్శ లేని మచ్చలుంటే కుష్టు అనుమానం కూడా తీర్చుకోవాలి.

ఒక పాదం ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండోదాని కంటే వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా, ఏ ఎక్సర్‌సైజూ చేయించకూడదు. అది చార్కాట్ పాదం కావచ్చు. లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. ఆ కాలు మీద బరువు పెట్టకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్, బర్డ్ లాంటి పెద్దాసుపత్రులు అందుబాటులో ఉన్నాయి, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. చార్కాట్‌లో వారం ఆలస్యమైనా పాదం ఆకారమే మారిపోవచ్చు.

వేడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మంటలు తగ్గుతాయని వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు పెట్టుకోవడం ఇక్కడ చాలా ఇళ్లలో అలవాటు. స్పర్శ లేని పాదానికి నీళ్లు కాలుతున్నాయో లేదో తెలియదు. బొబ్బలు లేచాక చూసుకుంటారు. ఫిజియోథెరపీ సెంటర్‌లో పెట్టే మైనం, హాట్‌ప్యాక్ కూడా అలాంటి పాదానికి పనికిరావు. పుత్తూరు కట్టుకు ఎముకలు అతికించడంలో తరతరాల పేరుంది. ఆ పేరు మీద నమ్మకంతో షుగర్ తిమ్మిర్లకు కూడా కట్టు, నూనె మర్దన కోసం ఎక్కడికైనా వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మొద్దుబారిన కాలికి బిగుతు కట్టు కట్టినా, గట్టిగా రుద్దినా ఎక్కడ ఒరుసుకుపోతోందో ఆ మనిషి చెప్పలేడు.

కొండ, కాళ్లు, చెప్పులు

తిరుపతి ఫిజియోథెరపిస్టులకు తప్పక ఎదురయ్యే ప్రశ్న మెట్ల దారిది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం తక్కువ గానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది. మొక్కు ఉంది, షుగర్ ఉంది, కాళ్లు తిమ్మిరి, ఎక్కొచ్చా అని అడుగుతారు. వద్దని ఒక్క మాటలో కొట్టిపారేస్తే చెప్పకుండా ఎక్కేస్తారు. నడక దానంతట అది న్యూరోపతికి శత్రువు కాదు. పుండు లేని పాదానికి సరైన పాదరక్షలతో మితమైన నడక పుండ్ల ప్రమాదాన్ని పెంచదని మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ప్రమాదమంతా ఉత్త కాళ్ల నడకలో, ఎండకు కాలిన రాతిలో ఉంది. ఎండాకాలంలో మాడ వీధుల్లో తెల్లని కూల్ పెయింట్ వేసి నీళ్లు చల్లుతున్నారంటేనే ఆ రాయి వేడి ఎంతో తెలుస్తుంది. స్పర్శ ఉన్నవాడు గబగబా నీడలోకి పరుగెడతాడు. లేనివాడు నింపాదిగా నడుస్తాడు.

పుండో, పొక్కో ఉంటే మొక్కు వాయిదా వేసుకోవాలి. లేకపోతే కొన్ని వారాల ముందు నుంచి నడక పెంచుకుంటూ వచ్చి, తెల్లవారుజామున బయలుదేరి, మెత్తని చెప్పులు గానీ కుట్లు లేని సాక్సులు గానీ వేసుకుని, మధ్యమధ్య కూర్చుని పాదాలు చూసుకుంటూ ఎక్కడం ఆచరణలో సాధ్యమే. ఇన్సులిన్ లేదా షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు వాడేవాళ్లు జేబులో చక్కెరో గ్లూకోజో తప్పకుండా పెట్టుకోవాలి. చెప్పులు వదలాల్సిన చోటి నుంచి సాక్సు అయినా ఉండాలి.

చెప్పుల విషయంలో ఈ ప్రాంతానికి దగ్గరి చరిత్ర ఒకటుంది. 1946లో వేలూరు సీఎంసీకి వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్టు రోగుల వేళ్లు రోగం వల్ల కుళ్లి రాలడం లేదని, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్లే పోతున్నాయని గుర్తించాడు. మైక్రోసెల్యులర్ రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులు అక్కడి పని నుంచే వచ్చాయి. తర్వాత అమెరికాలోని కార్విల్‌లో ఆయన అదే జ్ఞానాన్ని షుగర్ పాదాలకు వర్తింపజేశాడు. ఈనాటికీ షుగర్ పాదానికి రాసే నీలం రంగు మెత్తని అట్ట ఆ ఆలోచన కొనసాగింపే. చిత్తూరు పల్లెల్లో చెరకు తోటకో టమాటా చేనుకో ఉత్త కాళ్లతో వెళ్లే రైతుకు ఏ నరాల ఎక్సర్‌సైజు కంటే ఈ చెప్పులు ముందు రాయాలి.

మొబిలైజేషన్ చేయించే ఫిజియోథెరపిస్టు దాంతో పాటు ఇంకేం చేయిస్తున్నాడన్నది కూడా అంతే ముఖ్యం. పాదాల నుంచి సమాచారం రానప్పుడు మనిషి తూలుతాడు, చీకట్లో మరీను. బాత్రూమ్‌లో పడి తుంటి విరగడం పెద్ద వయసులో పెద్ద దెబ్బ. అందుకే ఒంటికాలి మీద నిలబడటం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం లాంటివి ప్రతి ప్రోగ్రాంలో ఉండాలి. 2012లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో పది వారాల పాటు నడక, సైక్లింగ్ లాంటి వ్యాయామం, కండరాల వ్యాయామం చేసిన న్యూరోపతి రోగుల్లో నొప్పి తగ్గింది. చర్మంలోని నరపు పోగుల కొమ్మలు కూడా పెరిగినట్టు కనిపించింది. పోగులు పెరగడం అనే మాట వ్యాయామం విషయంలో ఎంతో కొంత చెప్పగలిగాం. మొబిలైజేషన్ విషయంలో ఇంకా చెప్పలేం.

రక్తంలో షుగర్ అదుపు సంగతి వేరే చెప్పక్కర్లేదనిపించినా ఒక వివరం పనికొస్తుంది. టైప్ 1 షుగర్‌లో గట్టి అదుపు న్యూరోపతిని 60 శాతం తగ్గించిందని 1993లో డీసీసీటీ అధ్యయనం చూపింది. టైప్ 2లో ఆ మేలు అంత స్పష్టంగా లేదు. ఎప్పటి నుంచో ఎక్కువగా ఉన్న హెచ్‌బీఏ1సీని (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) రెండు మూడు నెలల్లో బాగా కిందికి దించితే కొందరిలో నరాల మంటలు హఠాత్తుగా పెరుగుతాయి. అప్పుడే మొబిలైజేషన్ కూడా మొదలుపెట్టి ఉంటే తప్పంతా ఎక్సర్‌సైజ్ మీదికి పోతుంది. డాక్టర్ మందు మార్చిన సంగతి ఫిజియోథెరపిస్టుకు, ఎక్సర్‌సైజ్ మొదలైన సంగతి డాక్టర్‌కు తెలిసి ఉండాలి. ప్రెగాబాలిన్, డ్యూలోక్సెటిన్ లాంటి నొప్పి మాత్రలను ఎక్సర్‌సైజ్ మొదలైందని సొంతంగా ఆపేయకూడదు.

మొదలుపెట్టినవాళ్లకు ఇంటి దగ్గర చేయాల్సింది పెద్దగా ఉండదు. పైన చెప్పిన స్లైడర్‌ను పట్టి ఉంచకుండా నెమ్మదిగా పదిసార్లు, రోజులో రెండు మూడు విడతలు, ఏ విడతలోనూ లాగుడు దాకా వెళ్లకుండా చేస్తే సాధారణంగా చాలు. ఎవరికి ఎంత అన్నది పరీక్షించిన ఫిజియోథెరపిస్టు చెప్పాలి. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవారేనా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మొదటి రోజు రాసుకున్న కొలతలు, అంటే మోనోఫిలమెంట్ తగిలిన చోట్లు, కాలు ఎత్తగలిగిన ఎత్తు, రాత్రి నొప్పికి పదికి ఇచ్చిన మార్కు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందన్నది, ఆరు వారాలకు మళ్లీ అదే వరసలో తీయాలి. నిద్ర బాగుపడి, కాలు తేలికగా లేస్తుంటే కొనసాగించాలి. ఏదీ కదలకపోతే మొబిలైజేషన్ ఆపేసి, ఆ సమయాన్ని బ్యాలెన్స్ వ్యాయామాలకూ నడకకూ మళ్లించాలి. రోజూ పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవడం మాత్రం ఏ ఫలితంతోనూ పని లేకుండా కొనసాగాలి. చూపు సరిగ్గా లేనివాళ్లకు ఇంట్లో ఎవరైనా చూసిపెట్టాలి.